నానమ్మ ఆసు పోస్తూ సంతోషంగా ఉందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను, కంప్యూటర్ సైన్స్. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో చిన్న ఊరు. నేతపని మీద బతికే ఇల్లు. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ పోగులకు ముడులు కట్టి రంగులద్దుతుంది. మొన్న సంక్రాంతి దాటాక మా నానమ్మ పోయింది. దినాలు అవగానే హాస్టల్‌కు వచ్చేశాను, మర్నాడే ఇంటర్నల్ పరీక్ష. ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకోగానే ‘ఇదంతా దేనికి?’ అనిపించింది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

నాకు ముందు నుంచీ పుస్తకాల పిచ్చి ఉంది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటుంటాను. అక్కడే ఫ్రెంచ్ రచయిత ఆల్బేర్ కామూ రాసిన ‘మిత్ ఆఫ్ సిసిఫస్’ దొరికింది. సగం అర్థమైంది, సగం కాలేదు. గ్రీకు పురాణ కథలో, దేవతల శాపం వల్ల సిసిఫస్ ఒక బండరాయిని కొండ పైకి దొర్లించుకుపోతాడు. పైకి చేరగానే అది కిందికి దొర్లిపోతుంది. మళ్లీ దిగి, మళ్లీ మొదలుపెడతాడు. ఎప్పటికీ ఇంతే. అయినా సిసిఫస్ సంతోషంగా ఉన్నాడని మనం ఊహించుకోవాలి అంటూ ముగిస్తాడు కామూ. చదవగానే ఒళ్లు జలదరించింది. ఎంత ధైర్యమైన మాట అనుకున్నాను. ఆ రాత్రే నానమ్మ గుర్తొచ్చి ఆ మాట మీద కోపం వచ్చింది.

మా నానమ్మ పెళ్లయిన నాటి నుంచి ఆసు పోసింది. తెలియనివారి కోసం రాస్తున్నాను. ఒక పక్క ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రం ఆకారంలో మేకుల వరస ఉంటాయి. దారం పట్టుకుని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. ఒక్క చీరకు గంటల తరబడి, కొన్ని వేలసార్లు. అది అయ్యాకే ముడులు, రంగులు, నేత. మా ఇంటికి ఆసు మిషన్ వచ్చేసరికే నానమ్మ కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. అందరిళ్లలో నానమ్మలు మనవరాళ్లకు జడ వేస్తారు. మా ఇంట్లో ఆమెకు నేను జడ వేసేదాన్ని.

ఆమె సంతోషంగా ఉందని నేను ఊహించుకోవాలా మేడమ్? ఆమెను ఎవరైనా అడిగారా? బతుక్కి అర్థమే లేకపోతే ఇంత చదువు, ఇంత టెన్షన్ దేనికి? రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో ఇవే వీడియోలు చూస్తున్నాను. జిడ్డు కృష్ణమూర్తి గారు ఎవరినీ అనుసరించవద్దంటారు. మరి ఆయన మాట మాత్రం ఎందుకు వినాలి? రూమ్మేట్లు ‘ఎక్కువ ఆలోచించకే, పిచ్చెక్కుతది’ అంటారు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. నాకేమో బీటెక్ ఇక్కడితో ఆపేసి ఫిలాసఫీ చదవాలని ఉంది. నా చదువు కోసం ఇంట్లో బ్యాంకు లోన్ తీశారు. ఏం చెయ్యమంటారు?
– పేరు వెయ్యవద్దని కోరిన విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో జడ గురించి రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నీ ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుట్టాయని నాకు అనిపిస్తోంది. కాబట్టి ఆ వాక్యాన్ని పట్టుకునే మాట్లాడతాను.

ముందుగా, ఆలోచించడం తప్పు కాదు, జబ్బు అంతకన్నా కాదు. నేను డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. నీ వయసు పిల్లల నుంచి ఈ ప్రశ్న ఎన్నో రూపాల్లో విన్నాను. అడిగిన వాళ్లెవరికీ పిచ్చెక్కలేదు. మన దేశంలో ఈ ప్రశ్నను అందరికంటే మొండిగా అడిగినవాడు నీకంటే చిన్నవాడు. కఠోపనిషత్తులోని నచికేతుడు. అతని కథలో యముడు రావడం అందరికీ గుర్తుంటుంది. మొదట్లో ఉన్న ఆవుల్ని మాత్రం చాలామంది మరిచిపోతారు. తండ్రి యజ్ఞం చేసి గోదానం ఇస్తున్నాడు. ఆ ఆవులు ఎలాంటివో ఉపనిషత్తు ఒక్కొక్కటిగా చెబుతుంది: తాగాల్సిన నీళ్లు తాగేసినవి, మెయ్యాల్సిన గడ్డి మేసేసినవి, పాలు పిండటం అయిపోయినవి, ఇక ఈనే శక్తి లేనివి. కుర్రవాడు వాటిని చూశాడు. ‘ఇలాంటి దానం చేసి ఏ లోకానికి పోతాం?’ అనుకున్నాడు. ‘మరి నన్నెవరికి ఇస్తావు నాన్నా?’ అని ఒకటికి మూడుసార్లు అడిగాడు. తండ్రికి కోపం వచ్చి ‘మృత్యువుకిస్తాను పో’ అన్నాడు.

యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చున్నాక అతనికి మూడు వరాలు దొరికాయి. మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటారు, ఏది నిజమో చెప్పమన్నాడు మూడో వరంగా. యముడు తప్పించుకోవాలని చూస్తాడు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, ఎంత కావాలంటే అంత భూమి, కోరినంత ఆయుష్షు, ఏదైనా అడుగు, ఇది మాత్రం అడగకు అంటాడు. ‘అవన్నీ రేపటికి ఉండేవి కావు. నీ గుర్రాలు, నీ ఆటపాటలు నీ దగ్గరే ఉంచుకో’ అంటాడు పిల్లవాడు. ఇంత పెద్ద ప్రశ్న అతనికి పుస్తకంలో దొరకలేదు, ఎముకలు తేలిన ఆవుల్ని చూస్తే పుట్టింది. నీకు నానమ్మ భుజం దగ్గర పుట్టింది. పుట్టిన చోటును విడిచి దూరం పోనంత వరకు ప్రశ్న ఆరోగ్యంగా ఉంటుంది. రాత్రి రెండింటికి వీడియోల మధ్య అది ఆ చోటును విడిచిపోతోంది. నాకు కలిగిన దిగులు అదొక్కటే.

ఇప్పుడు కామూ సంగతి. అతని మీద నీకు వచ్చిన కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని దాచుకోకుండా అతను ఎవరో కూడా తెలుసుకో. 1913లో అల్జీరియాలో పుట్టాడు. ఏడాది నిండకుండానే మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి పోయాడు. తల్లికి సరిగా వినబడదు, చదువు రాదు. అల్జీర్స్‌లోని ఒక పేదల పేటలో ఉంటూ, ఇతరుల ఇళ్లలో పాచిపని చేసి పిల్లల్ని సాకింది. కామూకు పదిహేడేళ్ల వయసులో క్షయ వచ్చింది. 1957లో నోబెల్ బహుమతి ప్రకటించాక, తల్లి తర్వాత తనకు మొదట గుర్తొచ్చింది మీరే అంటూ చిన్నప్పటి బడిపంతులుకు ఉత్తరం రాశాడు. పని వల్ల అలిసిపోయిన ఆడమనిషి ఎలా ఉంటుందో అతనికి ఇంట్లోనే తెలుసు. అందుకని అతని మాటను సుఖంగా కుర్చీలో కూర్చున్నవాడి మాటగా నేను తీసుకోలేను.

కానీ 1942లో, ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉండగా వచ్చిన ఆ పుస్తకంలో సిసిఫస్ ఒంటరివాడు. పక్కన తల్లి లేదు, జడ వేసే మనవరాలు లేదు. ఏ ఆశా మిగలని చోట ఒక మనిషి తన గురించి తాను చెప్పుకోగలిగిన చివరి మాటగా దాన్ని చదివితే ఆ వాక్యం నిలుస్తుంది. ‘నా రాయి నాది, దీన్ని మోస్తూనే నేను తలెత్తుకుని ఉంటాను’ అని ఎవరికి వారు అనుకోవచ్చు. అదే మాటను ఇంకొకరి భుజం గురించి అనే హక్కు నీకూ లేదు, నాకూ లేదు, కామూకూ లేదు. నానమ్మ సంతోషంగా ఉందని నువ్వు ఊహించుకోనక్కర లేదు. దుఃఖంలోనే బతికిందని తీర్పు ఇవ్వడం కూడా అంతే తొందరపాటు. ‘ఆమెను ఎవరైనా అడిగారా?’ అని రాశావు చూడు, నీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి ప్రశ్న అది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కామూ కూడా సిసిఫస్ దగ్గరే ఉండిపోలేదు. 1947లో వచ్చిన ‘ప్లేగు’ నవల దొరికితే ఈసారి అది చదువు. ఒరాన్ అనే ఊళ్లో ప్లేగు వస్తుంది. రియూ అనే డాక్టరు రోజూ రోగులను చూస్తుంటాడు, వాళ్లలో చాలామంది చనిపోతూనే ఉంటారు. అతని రాయి కూడా కిందికి దొర్లుతూనే ఉంటుంది. ప్లేగుతో పోరాడటానికి ఉన్న దారి నిజాయితీ ఒక్కటే అంటాడతను. నిజాయితీ అంటే ఏమిటని అడిగితే, నా వరకు నా పని నేను చెయ్యడమే అంటాడు. చుట్టూ మనుషులు ఉన్నారు కాబట్టి ఇక్కడ అర్థం గురించి వాదన తగ్గి, పని పెరిగింది. 1951లో రాసిన ‘రెబెల్’లో ఇంకొక అడుగు వేశాడు. నేను తిరగబడుతున్నాను, అందుకే మనం ఉన్నాం అన్నాడు. పదేళ్లలో ఆ మనిషి ఒంటరి కొండ నుంచి ‘మనం’ అనే మాట దాకా నడిచాడు. నువ్వింకా మొదటి పుస్తకంలోనే ఉన్నావు.

మీ ఇంటికి ఆసు మిషన్ వచ్చిందని రాశావు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నీకు నేను చెప్పాలా? ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేశాడు. మీ జిల్లావాడే. చిన్నప్పుడే బడి మానేసి మగ్గం మీద కూర్చున్నవాడు. ఆసు పోసి పోసి తల్లి పడే భుజం నొప్పి చూసి, ఏళ్ల తరబడి అప్పులు, అవమానాలు భరించి 1999లో యంత్రాన్ని పూర్తి చేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సిసిఫస్ రాయి దేవతలు వేసిన శిక్ష, దాన్ని మార్చడానికి లేదు. ఆసును ఏ దేవుడూ శిక్షగా వెయ్యలేదు. అది మనుషులు కనిపెట్టుకున్న పని, అది జరిగే తీరును మనిషే మార్చగలడు, మార్చాడు కూడా. ఏది శాపమో, ఏది కేవలం ఇప్పటిదాకా ఎవరూ మార్చని పనో తేడా పట్టుకోవడం తత్వశాస్త్రంలో చిన్న విషయం కాదు. ఆడవాళ్ల పని విషయంలో ఈ రెండింటినీ కలిపేసి, ‘మన రాత ఇంతే’ అని చెప్పడం మనకు బాగా అలవాటు.

సమాజసేవ చెయ్యి, అన్నీ సర్దుకుంటాయి అని చెప్పి నీ ప్రశ్నను దాటేస్తున్నానని అనుకోకు. మిషన్ వచ్చాక కూడా నానమ్మ పోయింది. ఏ యంత్రమూ ఆ ఖాళీని పూడ్చదు. మనిషి పోతాడని తెలిసీ ఎందుకు బతకాలి అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. దాని గురించి నేను చదివినవాటిలో నాకు ఎక్కువ పనికొచ్చినవి విక్టర్ ఫ్రాంక్ల్ మాటలు. వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు, యూదుడు. 1942లో నాజీలు కుటుంబంతో సహా పట్టుకుపోయారు. నాలుగు నిర్బంధ క్యాంపులు దాటి ఆయన బయటపడ్డాడు. తల్లి, తండ్రి, అన్న, భార్య బతకలేదు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1946లో, ఆ అనుభవం మీద పుస్తకం వేశాడు. జీవితానికి అర్థం ఏమిటని మనం జీవితాన్ని అడుగుతుంటాం కదా, అసలు అడిగేది జీవితం, జవాబు చెప్పాల్సింది మనం అంటాడు. ఆ జవాబు కూడా మాటలతో కాదు, ఆ రోజు, ఆ పూట మన ముందున్న పనితో, మనం నిలబడే తీరుతో చెప్పాలి. మొత్తంగా జీవితానికి అర్థం ఏమిటని అడగడం, చదరంగం చాంపియన్ దగ్గరికి వెళ్లి ‘ప్రపంచంలో అన్నిటికంటే గొప్ప ఎత్తు ఏది?’ అని అడిగినట్టు ఉంటుందంటాడు. బల్ల మీద పావులు ఎలా ఉన్నాయో, ఎదురుగా ఎవరున్నారో తెలియకుండా ఏ ఎత్తూ గొప్పది కాదు.

నీ బల్ల మీద ఏమున్నాయో నువ్వే రాశావు. పోయిన నానమ్మ, మగ్గం మీద నాన్న, రంగుల దగ్గర అమ్మ, ఒక లోన్, ఒక పరీక్ష, తత్వశాస్త్రం మీద ఇష్టం. ఇందులో అన్నిటికంటే ముందు చూడాల్సింది నీ దుఃఖం. దినాలు అవగానే వచ్చేసి మర్నాడు పరీక్ష రాశావు. ఏడవడానికి నీకు సమయం దొరకలేదు. పరీక్ష హాల్లో వచ్చిన ‘ఇదంతా దేనికి?’ అన్న మాటలో తత్వం ఎంత ఉందో, తీరని దుఃఖం అంతకంటే ఎక్కువ ఉంది. వచ్చే శని, ఆదివారాలు ఊరికి వెళ్లు. నానమ్మను ఎవరూ అడగలేదన్నావు కదా, ఇప్పుడు ఆమెతో కలిసి కూర్చున్నవాళ్లను అడుగు. ఆసు ఎవరి దగ్గర నేర్చుకుంది? పోస్తూ ఎవరితో మాట్లాడేది, ఏమని నవ్వేది? ఏ చీర చూసి మురిసిపోయింది? ఏ రోజు చాలిక అనుకుంది? వాడకట్టులో ఆమె ఈడువాళ్లు ఇంకా ఉండే ఉంటారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసుకో. ఏథెన్స్‌లో సోక్రటీసు చేసింది కూడా ఇలాంటి పనే. జ్ఞానం ఎక్కడుందో చూద్దామని నాయకుల దగ్గరికి, కవుల దగ్గరికి, చేతిపని వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగాడు. తనకు తెలియని మంచి విషయాలు చేతిపనివాళ్లకు చాలా తెలుసని, తన మీద విచారణ జరిగినప్పుడు కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ మనిషి అడిగిన ఇళ్ల కంటే మీ వాడకట్టు ఏమీ తక్కువది కాదు.

కృష్ణమూర్తి గురించి క్లుప్తంగా చెబుతాను. 1895లో మదనపల్లెలో పుట్టిన ఆ మనిషిని జగద్గురువుగా నిలబెట్టడానికి దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెద్దలు ఒక సంస్థనే పెట్టారు. 1929లో హాలెండ్‌లోని ఓమెన్‌లో, వేలాది సభ్యుల ముందు ఆయనే దాన్ని రద్దు చేసి, సత్యానికి దారంటూ లేదన్నాడు. ఆ తర్వాత 1986లో పోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. అనుసరించవద్దన్నాడు గానీ, కలిసి పరిశీలించవద్దని ఎప్పుడూ అనలేదు. ఆయన ప్రసంగాల్ని రెండు నిమిషాల ముక్కలుగా వింటే అవి సూక్తులు అయిపోతాయి, సూక్తుల్ని అనుసరించడం తప్ప ఇంకేం చెయ్యలేం. ఒక ప్రసంగం మొత్తం పుస్తకంలో చదువు. ఒప్పుకోని చోట పక్కన పెన్సిల్‌తో ఎందుకు ఒప్పుకోవో రాయి. అప్పుడే ఆయన చెప్పినట్టు విన్నదానివి అవుతావు.

రాత్రి పదకొండు తర్వాత తత్వశాస్త్రం వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. నిద్ర లేని బుర్రకు ప్రతి ప్రశ్నా కొండంత కనిపిస్తుంది. ఉపనిషత్తులు, బుద్ధుడి సూత్రాలు, ప్లేటో రాసినవి ఎక్కువ భాగం సంభాషణలే కావడం ఊరికే జరగలేదు. ఈ పని ఎదురుగా మనిషి ఉండగా చెయ్యాలి. నీ కాలేజీలో ఇలా చదివే ఇంకొక్కరు దొరికితే చాలు, వారానికి ఒక సాయంత్రం కూర్చోండి.

ఇక చదువు సంగతి. 1945లో పారిస్‌లో చేసిన ఉపన్యాసంలో ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ తన దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి గురించి చెబుతాడు. అన్నను 1940 యుద్ధంలో జర్మన్లు చంపారు. తల్లికి ఇతనొక్కడే దిక్కు. ఇంగ్లండ్ వెళ్లి సైన్యంలో చేరి పోరాడాలా, తల్లి దగ్గర ఉండాలా? సార్త్ర్ చెప్పిన జవాబు ‘నువ్వు స్వతంత్రుడివి, ఎంచుకో’ అని. అంత కష్టంలో వచ్చిన పిల్లవాడికి అది చాలా కరువు జవాబు అని నా అభిప్రాయం. అయితే అదే ఉపన్యాసంలో ఇంకో మాట ఉంది, అది నాకు చాలా ఇష్టం. సలహా కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో ఎంచుకోవడంలోనే మనం సగం నిర్ణయించుకుని ఉంటాం అంటాడు. నువ్వు ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగలేదు, రిటైరైన ఫిలాసఫీ లెక్చరర్‌కు రాశావు. కాబట్టి నీకు ఈ చదువు మీద ఉన్న ఇష్టం నిజమైనదేనని నేను నమ్ముతున్నాను.

నమ్ముతూనే చెబుతున్నాను, బీటెక్ మధ్యలో ఆపకు. ఆపితే ఆ లోన్ నాన్న మగ్గం మీద పడుతుంది. నానమ్మ భుజం గురించి ఇంతగా బాధపడ్డ పిల్లవి, నాన్న భుజాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండలేవు. డిగ్రీ పూర్తి చేశాక ఫిలాసఫీలో ఎమ్మే చెయ్యవచ్చు. మీ హైదరాబాద్‌లోనే ఉస్మానియాలో, సెంట్రల్ యూనివర్సిటీలో తత్వశాస్త్ర విభాగాలున్నాయి. ప్రవేశాల ప్రకటన వచ్చినప్పుడు అర్హతలు చూసుకో. ఈలోగా ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ అధ్యాపకులు చెప్పిన ఫిలాసఫీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, ఒకటి మొదటి నుంచి చివరిదాకా విను. రెండేళ్లు ఉద్యోగం చేసి లోన్ తీర్చి, ఆ తర్వాత ఎమ్మేలో చేరినా తత్వశాస్త్రం ఎక్కడికీ పోదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ శాస్త్రాన్ని ఏరికోరి ఎంచుకోలేదు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, అదే కాలేజీలో చదువు ముగించిన దగ్గరి బంధువు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశాడు. కొనే పని లేదని అదే తీసుకున్నాడు. మనసు దానికే ఇచ్చాడు కాబట్టి తర్వాత అది ఆయనదైంది.

ఊరికి వెళ్లొచ్చాక ఆ నోటుబుక్కులో ఏం రాశావో నాకు రాయి. ఇక్కడ వెయ్యడానికి కాదు, నాకు చదవాలని ఉంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. ఆరు నెలలుగా దేవుడు లేడు, ఏదీ శాశ్వతం కాదు అంటున్నాడు. పండగకు కూడా పూజలో కూర్చోలేదు. ఏవో ఫిలాసఫీ పుస్తకాలు చదువుతున్నాడు. మావారు కోప్పడ్డారు. అప్పటి నుంచి మాతో మాటలు తగ్గించేశాడు. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి దేవుడు లేడనడం, రెండోది మాటలు తగ్గడం. మొదటిదానికి భయపడకండి. మన షడ్దర్శనాల్లోనే, అంటే వేదాన్ని ఒప్పుకునే ఆరు తత్వశాఖల్లోనే, సాంఖ్యం ఈశ్వరుడి ప్రస్తావన లేకుండా సృష్టిని వివరించింది. వేదానికి అంత విలువ ఇచ్చిన మీమాంసకుల్లో కుమారిల భట్టు, లోకాన్ని సృష్టించినవాడు ఒకడున్నాడన్న వాదాన్ని ఖండించాడు. బౌద్ధులు, జైనులు సరేసరి. మీ అబ్బాయి మన సంప్రదాయానికి బయట ఏమీ లేడు. ఇవి అతనికి చెబితే, ఇంట్లో తన మాట వినేవాళ్లున్నారని తెలుస్తుంది. పూజలో కూర్చోమని బలవంతం చెయ్యకండి. ప్రసాదం చేశాక పిలవండి, వచ్చి తింటాడు.

రెండోది జాగ్రత్తగా చూడాలి. తిండి సరిగా తింటున్నాడా? నిద్రపోతున్నాడా? స్నేహితులతో కలుస్తున్నాడా? క్రికెట్టో, సినిమాయో, ముందు ఇష్టమైనవి ఇప్పటికీ ఇష్టమేనా? వీటికి జవాబు అవును అయితే అతను ఆలోచిస్తున్నాడు, అంతే. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, చదువూ ఆటా అన్నీ వదిలేసినా, బతికి ఏం లాభం అన్నా, ఇష్టమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నా అది ఫిలాసఫీ కాదు. ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుడికి చూపించండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?’ అని నేరుగా అడగడానికి తల్లులు జంకుతారు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉంటే, చెప్పుకోవడానికి ఒక దారి దొరుకుతుంది.

మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి. కొడుకు చదివే పుస్తకం ఒకటి అడిగి తీసుకుని ఆయన కూడా చదవమనండి. చదివాక నచ్చకపోతే వాదించమనండి. చదవకుండా కోప్పడితే, నాన్న దగ్గర జవాబు లేదని పిల్లవాడు అనుకుంటాడు.

ప్రశ్న: హైస్కూల్లో తెలుగు చెబుతాను. పిల్లలకు తత్వశాస్త్రం పరిచయం చెయ్యాలంటే తెలుగులో ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు, కదిరి

జవాబు: మీ ఊరి పక్క కటారుపల్లెలోనే వేమన సమాధి ఉంది. అక్కడే మొదలుపెట్టండి. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించిన నాటి నుంచి మనం ఆ పద్యాలను కంఠస్థం చేయిస్తూనే ఉన్నాం, వాటితో వాదించడం మాత్రం నేర్పలేదు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ తీసుకోండి. కొంచెం ఉప్పు, కొంచెం కర్పూరం రెండు కాగితాల్లో పెట్టి బల్ల మీద ఉంచండి. చూపుతో తేడా తెలియదు సరే, వాసనతో తెలిసింది. మరి మనుషుల విషయంలో ఆ వాసన స్థానంలో ఏముంది? ఎంతకాలం చూస్తే ఒకరు మంచివారని తెలుస్తుంది? తెలిసిందని మనకెలా తెలుస్తుంది? తరగతిని రెండు జట్లు చేసి వాదించనివ్వండి. మరో రోజు ‘ఆత్మశుద్ధి లేని ఆచారమది యేల’ చెప్పి, శుద్ధి ఉంటే ఆచారం కావాలా వద్దా అని అడగండి. ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. గంట కొట్టాక కూడా పిల్లలు వరండాలో దాని మీదే పోట్లాడుకుంటుంటే, మర్నాడు ఇంకో పద్యం తీసుకోండి.